మా మామ మామిడి తోట అడవేనా? దేశాలకు పర్యావరణ ర్యాంకులు ఎట్లా వేస్తారో తెలిసినవాళ్లు చెప్పండి

పాకాల_బుల్లోడు

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా బావకి డెన్మార్క్‌లో ఉద్యోగం. పోయిన వారం ఫ్యామిలీ గ్రూపులో ఒక పాత పట్టిక పెట్టినాడు. 2022 నాటి పర్యావరణ పనితీరు సూచీ అంట, అమెరికాలో యేల్, కొలంబియా యూనివర్సిటీల వాళ్లు తయారు చేస్తారంట. 180 దేశాల్లో డెన్మార్క్ 77.9 మార్కులతో ఫస్టు, మనం 18.9తో 180. అంటే మన కింద ఇంకెవరూ లేరు. "చూడండ్రా మీ దేశం" అని రాసి నవ్వే బొమ్మలు నాలుగు. మీ దేశం అంట! వీడు పుట్టింది దామలచెరువులో.

ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను మా మామ తోటలోనే ఉన్నా, అంటే వీడి నాయన తోటలో. ఆరెకరాల తోతాపురి, ముప్పై ఏళ్ల చెట్లు, మిట్టమధ్యాహ్నం కూడా కింద నేల చల్లగా ఉంటుంది. పైన చిలకలు కాయ సగం కొరికి కిందికి పారేస్తా ఉన్నాయి, మామ వాటిని తిడతా ఉన్నాడు. నేను మెసేజ్ చదివి వినిపిస్తే ఒకే మాట అడిగినాడు: "ఎవరొచ్చి చూసినారంట?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగా ఎవరు చూస్తారు? శేషాచలం కొండలు, తలకోన, పులికాట్, కౌండిన్య అడవి, ఇవన్నీ ఆ 18.9లో ఎక్కడున్నాయి? ఇంకోటి, 2024 పట్టికలో మనం 176కి ఎక్కినామని చూశా. రెండేళ్లలో ఏం బాగుపడిందని? మా ఊళ్లో బోర్లు ఇంకా లోతుకే పోతా ఉన్నాయి.

ఎగతాళి వద్దు, తెలిసినవాళ్లు చెప్పండి. బావకి గట్టి రిప్లై పెట్టాలి.

స్వర్ణముఖి_ఒడ్డు

ఇందులో తెలుసుకునేదేముంది తమ్ముడూ. వాళ్లు ఫ్యాక్టరీలు పెట్టి వందేళ్లు పొగ వదిలి, ఇప్పుడు మనకు మార్కులు వేస్తున్నారు. 2022లో మన పర్యావరణ మంత్రిత్వ శాఖే ఆ సూచీని ఒప్పుకోలేదు. పట్టించుకోకు.

లెక్కల_అక్క

స్వర్ణముఖి గారూ, కుట్ర అనేస్తే పని తేలికే, కానీ మంత్రిత్వ శాఖ 2022 జూన్‌లో చెప్పిన అభ్యంతరం అది కాదు. దాన్ని చదివితే ఈ తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్తాను, ఏటా ఈ సూచీని క్లాసులో విప్పి చూపిస్తాను, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా, తిట్టుకోకండి.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఉద్యోగానికింత, పొలానికింత, గుణానికింత అని ఒక్కో పెద్దమనిషి ఒక్కో లెక్క వేస్తాడు కదా, ఇదీ అంతే. 2022 సూచీలో 40 కొలతలున్నాయి. వాటిని 11 అంశాలుగా విడగొట్టి, ఒక్కోదానికి కొంత వెయిట్ ఇచ్చి, అన్నీ కలిపి ఒకటే అంకె చేస్తారు. ఆ ఏడాది వాతావరణ మార్పు ఒక్కదానికే 38 శాతం ఇచ్చారు. అందులో పెద్ద భాగం 2050లో ఏ దేశం ఎంత కర్బనం వదులుతుందనే అంచనాది. ఆ అంచనా ఎలా వేశారంటే, గత పదేళ్ల గీతను స్కేలు పెట్టి ముందుకు లాగారు. కరెంటు, రోడ్లు ఇప్పుడిప్పుడే అందుతున్న దేశం గీత ఆకాశంలోకి పోతుంది, పెరగాల్సిందంతా ఎప్పుడో పెరిగి ఇప్పుడు తగ్గించుకుంటున్న దేశం గీత నేలకు దిగుతుంది. మనవాళ్లు తప్పుబట్టింది ముఖ్యంగా దీన్నే, ఇంకా వెయిట్లను మార్చిన తీరును, కర్బనాన్ని పీల్చుకునే అడవులను లెక్కలో వేయకపోవడాన్ని. నా వరకు ఆ అభ్యంతరంలో న్యాయముంది. అలాగని మొత్తం సూచీని చెత్తబుట్టలో వేయలేను, ఎందుకంటే గాలి నాణ్యత కొలతల్లో మనం అడుగున ఉండటానికి ఏ గీతా కారణం కాదు, మన గాలే కారణం.

180 నుంచి 176 సంగతి. 2024లో కొలతలు 40 నుంచి 58కి పెరిగాయి, వెయిట్లూ మారాయి. పేపరు మారింది, మార్కులు మారాయి, కాబట్టి పిల్లాడు బాగా చదివాడా లేదా అన్నది ఆ రెండు ర్యాంకులు పక్కపక్కన పెడితే తేలదు. మనకు 27.6 వచ్చింది, వియత్నాం ఆఖరుకు పోయింది. ఇంకో మాట, 2024లో ఫస్టు ఎస్టోనియా, 75.3తో. డెన్మార్క్ కాదు. మీ బావ ఆ పట్టిక ఎందుకు పెట్టలేదో అడగండి.

ఇక మామగారి ప్రశ్న. ఎవరూ రాలేదు. ఉపగ్రహాలు పై నుంచి తీసిన బొమ్మలు, దేశాలు ఐక్యరాజ్యసమితికి తమంతట తాము పంపుకునే లెక్కలు, కంప్యూటర్ మోడళ్లు, అంతే. కానీ మీ మామ తోటను మాత్రం ఒకరు చూసి ఉంటారు, చూడకుండా ఉండే అవకాశం తక్కువ. డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉంది, 1987 నుంచి రెండేళ్లకోసారి అడవుల నివేదిక ఇస్తుంది. వాళ్ల నిర్వచనం ప్రకారం హెక్టారు, ఆపైన నేలలో పదోవంతుకు తగ్గకుండా చెట్ల గొడుగు కనిపిస్తే అది అటవీ విస్తీర్ణం. ఏ చెట్టు, ఎవరి నేల అని అడగరు. మామిడి, కొబ్బరి, జామాయిల్, సుబాబుల్ అన్నీ ఒకటే. ఆరెకరాలంటే దాదాపు 2.4 హెక్టార్లు, ముప్పై ఏళ్ల చెట్లంటున్నారు కాబట్టి గొడుగు పదోవంతు కాదు, ఎంతో ఎక్కువే. కాబట్టి డెహ్రాడూన్ లెక్కలో అది అడవే.

అదే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అయిదేళ్లకోసారి ప్రపంచ అడవుల లెక్క వేస్తుంది. వాళ్లకు అర హెక్టారు చాలు, అయిదు మీటర్ల ఎత్తు పెరిగే చెట్లు, పదిశాతం గొడుగు. ఇంకా సులువనిపిస్తుంది కదా, కానీ పండ్ల తోటలు వ్యవసాయం కిందికి వస్తాయి, అడవి కాదు అని అక్కడే రాసి ఉంటుంది. ఒకే తోట, రెండు జవాబులు.

ఇది పంతుళ్ల గొడవ అనుకోకండి. 2021 నివేదికలో దేశం మొత్తం మీద అటవీ విస్తీర్ణం 1,540 చదరపు కిలోమీటర్లు పెరిగిందన్నారు, అందులో 647 మన రాష్ట్రంలోనే, దేశంలో మనమే ఫస్టు. పేపర్లో చదివి సంతోషించాం. అందులో కొండ మీద మొలిచిందెంత, తోటల్లో నాటిందెంత అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. లోపలి పట్టికలో దట్టమైన అడవి, ఓ మోస్తరు అడవి, పలచటి అడవి అని మూడు కాలమ్‌లు ఉంటాయి. 70 శాతం పైన, 40 నుంచి 70, 10 నుంచి 40. నేను ఎప్పుడూ ముందు అవే చూస్తాను.

పాకాల_బుల్లోడు

అక్కా, చాలా థ్యాంక్స్. మామకి చెప్పినా, "మన తోట అడివంట" అని. నవ్వుతాడనుకుంటే టెన్షన్ పడినాడు. "అయితే ఫారెస్టోళ్లు వచ్చి స్వాధీనం చేసుకుంటారా, కొమ్మ కొట్టాలంటే పర్మిషన్ కావాలా" అని రాత్రి రెండుసార్లు ఫోన్ చేసినాడు. దీనికి కూడా ఎవరైనా జవాబు చెప్పండి.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. దాన్ని కూడా పై నుంచే చూస్తారా?

కుయ్యిమనే_టేపు

నీళ్ల గురించి నేను చెప్తా బ్రో. కాంట్రాక్టు మీద నాలుగేళ్లు ఆ పనే చేశా. చిత్తూరు నుంచి పలమనేరు దాకా ఏ ఊళ్లో ఏ గొట్టం ఉందో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్తా.

మీ ఊళ్లో కూడా ఎక్కడో స్కూలు పక్కనో పంచాయతీ ఆఫీసు వెనకో మూతకు తాళం వేసిన ఇనప గొట్టం ఒకటి ఉంటుంది చూడు, జనం అది పాడైన బోరు అనుకుంటారు. అది ఫీజోమీటర్, నీటిమట్టం చూడటానికి మాత్రమే వేసిన బోరు. టేపు చివర చిన్న ప్రోబ్ ఉంటుంది, లోపలికి వదులుతా పోవాలి, నీళ్లకు తగలగానే కుయ్యిమంటుంది, అక్కడ ఆపి లోతు చదివి రాసుకోవాలి. వినడానికి ఇంతే. కానీ పొద్దున్నే పోవాలి, పక్క పొలంలో మోటార్ వేయక ముందే. మోటార్ ఆడతా ఉంటే గొట్టంలో మట్టం కిందికి దిగిపోతుంది, నువ్వు రాసుకునేది నేలలో ఉన్న నీళ్ల లెక్క కాదు, ఆ రైతు మోటార్ లెక్క. కరెంటు తెల్లారుజామునే ఇచ్చే ఊళ్లలో నాకు నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు చాలా గొట్టాల్లో రికార్డర్లు పెట్టారు, వాటంతటవే రాసుకుంటాయి.

కేంద్ర భూగర్భ జల మండలి వాళ్లు అయితే ఏడాదికి నాలుగుసార్లు బావులు చూస్తారు, జనవరి, ఎండాకాలం, ఆగస్టు, నవంబర్. ఇవి నికార్సైన కొలతలు. తేడా వచ్చేది ఆ తర్వాత. మండలాలకు కేటగిరీలు వేస్తారు కదా, ఏడాదికి తీసుకోదగ్గ నీళ్లలో 70 శాతం దాకా తోడితే సేఫ్, 90 దాటితే క్రిటికల్, 100 దాటితే మితిమీరి తోడేసినట్టు. 70కీ 90కీ మధ్యలో సెమీ క్రిటికల్. ఇందులో "తోడింది ఎంత" అన్నది ఎవరు కొలిచారు? వ్యవసాయ బోర్లకు నీళ్ల మీటర్ ఎక్కడుంది? బోర్లు ఇన్ని, ఒక్కో బోరు సగటున ఇంత పోస్తుంది అని గుణిస్తారు. తప్పని నేననను, అంతకన్నా దారి లేదు. కానీ శాతం పక్కన దశాంశ స్థానాలు చూసి ఎవరో గ్లాసుతో కొలిచారని అనుకోవద్దు.

ఇంకోటి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాదికి పోల్చావన్నది. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు. ఆ తర్వాత గొట్టాల్లో నీళ్లు నాకే నమ్మబుద్ధి కాలేదు, చేయి పెడితే అందుతాయా అన్నట్టు ఉండేవి. లెక్క అక్కడితో ముగిస్తే జిల్లా బంగారం. అక్కడ మొదలుపెడితే ప్రతి ఏడాదీ పతనమే.

పై నుంచి చూడటం కూడా ఉంది. గ్రేస్ అని 2002లో రెండు ఉపగ్రహాలు వదిలారు, ఒకదాని వెనక ఒకటి 220 కిలోమీటర్ల దూరంలో పోయేవి. కింద నీళ్లు తగ్గితే భూమి లాగే బలం రవ్వంత తగ్గుతుంది, దానికి ఆ రెండింటి మధ్య దూరం రవ్వంత మారుతుంది, ఆ దూరాన్నే కొలుస్తారు. పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లో 2002 నుంచి 2008 లోపల 109 ఘన కిలోమీటర్ల నీళ్లు పోయాయని అట్లాగే పట్టుకున్నారు. కానీ దాని చూపు చాలా మోటు. లక్ష చదరపు కిలోమీటర్లకు పైన ఉండే ముక్క అయితేనే దానికి ఆనుతుంది. మన పాత చిత్తూరు జిల్లా మొత్తం కలిపితే 15 వేలు. మీ మామ బోరు దానికి కనపడదు బ్రో, దేశాల మధ్య పోలికకు అది, నీ ఊరికి ఆ గొట్టమే దిక్కు.

ప్లాటు_బాధితుడు

చెరువుల లెక్క గురించి నేనొకటి వేసుకుంటా. తిరుపతి పక్కన ఒక వెంచర్‌లో ప్లాటు కొన్నా, పేరు చెప్పను, కేసు నడుస్తా ఉంది. అది చెరువు లోపలిదని నాకు చెప్పింది పైన అన్న చెప్పిన ఆ నవంబరు వానే. మోకాళ్ల లోతు నీళ్లలో నా సరిహద్దు రాళ్లు వెతుక్కున్నా.

2023లో దేశంలో మొదటిసారి జలవనరుల గణన అని విడుదల చేశారు. మొత్తం 24,24,540, మన రాష్ట్రంలో 1,90,777. ఇందులో ఆక్రమణ ఉన్నవి 1.6 శాతమంట. అది చదివి నా ప్లాటు గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా అనుమానం ఒకటే, ఉన్న చెరువును కొంచెం కబ్జా చేస్తే లెక్కలోకి వస్తుంది, మొత్తం పూడ్చి రోడ్లు వేసి ఆర్చి కట్టేస్తే లెక్క రాసేవాడికి అక్కడ చెరువు ఏది కనపడటానికి?

కొండకింద_తాత

అబ్బాయీ, ముందు మీ మామకు ధైర్యం చెప్పు. నేను అటవీ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అటవీ విస్తీర్ణం వేరు, రికార్డు అడవి వేరు. మొదటిది ఉపగ్రహం బొమ్మలో పచ్చగా కనిపించేది. రెండోది ప్రభుత్వ రికార్డులో అడవి అని రాసిన నేల, దాని మీద ఒక్క చెట్టు లేకపోయినా అది అడవే. మీ మామది పట్టా భూమి, పాసుబుక్కు ఆయన పేరు మీదే ఉంటుంది. డెహ్రాడూన్ బొమ్మ చూసి ఎవరూ తోటలోకి రారు.

లెక్కల గురించి రెండు ముచ్చట్లు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు మీకు తెలిసిందే. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి కౌండిన్యలో ఉంటున్నాయి. ఈరోజు ఇక్కడ, రేపు గుడియాత్తం వైపు. అందుకే అన్ని రాష్ట్రాల్లో ఒకే రోజుల్లో లెక్కపెట్టాలి, లేకపోతే ఒకే ఏనుగు మూడు రాష్ట్రాల్లోనూ ఓటు వేస్తుంది. మేము నేరుగా చూసినవి రాసేవాళ్లం, పేడకుప్పలు కూడా లెక్కపెట్టేవాళ్లం. ఆ పద్ధతిలో 2017లో దేశంలో 29,964 అన్నారు. 2025లో వచ్చిన నివేదిక పేడలోని డీఎన్‌ఏతో లెక్కగట్టి 22,446 అంది. ఏడున్నర వేల ఏనుగులు చచ్చిపోలేదు నాయనా. పద్ధతి మారింది, పాతదాంతో పోల్చకూడదు, ఇక్కడి నుంచి కొత్త లెక్క మొదలు.

ఎర్రచందనమూ అంతే. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు, మన శేషాచలం, పాలకొండలు, వెలిగొండ, నల్లమల చుట్టుపక్కలే. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో 2018లో దానికి ముప్పు కొంచెం తక్కువ అని కిందికి దించారు, మూడేళ్లకే మళ్లీ అంతరించే ప్రమాదంలో ఉందన్నారు. ఆ మూడేళ్లలో కొండ మీద చెట్టు ఎంత లావెక్కుతుంది? చెట్టు మారలేదు, చూసినవాళ్ల దగ్గరున్న సమాచారం మారింది.

నాకు మొదటినుంచీ మింగుడుపడనిది ఇంకోటుంది. నిలబడి ఉన్న ఎర్రచందనం దేశ ఆదాయంలో సున్నా. దొంగ నరికితే పట్టుకుని దుంగ వేలం వేస్తాం, ఆ డబ్బు మాత్రం ప్రభుత్వ ఆదాయం. నరకకుండా కాపాడినందుకు మా బీటు వాళ్ల జీతం ఖర్చు కిందికి పోతుంది. ఇదేం లెక్క అమ్మా లెక్కల అక్కా?

లెక్కల_అక్క

తాత గారూ, నమస్కారం. సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. ఆ సున్నాను సరిచేయడానికే 2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ పర్యావరణ వ్యవస్థల ఖాతాలకు ఒక పద్ధతిని ఆమోదించింది. పేరు భయపెట్టేలా ఉన్నా లోపల ఉన్నది మన బ్యాంకు పాసుబుక్కే. ఏడాది మొదట్లో అడవి ఇంత, చిత్తడి నేల ఇంత, సాగు భూమి ఇంత. మధ్యలో ఏది ఎందులోకి మారింది. ఏడాది చివర నిల్వ ఎంత. దాని పక్కన ఆ అడవి ఆరోగ్యం ఎలా ఉందో ఇంకో పేజీ, అది మనకు ఇచ్చిందేమిటో ఇంకో పేజీ, నీళ్లు, కలప, ఒడిసిపట్టిన మట్టి, ఇవన్నీ. ప్లాటు బాధితుడు గారి చెరువు ఇలాంటి పాసుబుక్కులో అయితే మాయం కాలేదు, ఎందుకంటే పోయిన ఏడాది నిల్వలో ఉంది కాబట్టి, ఈ ఏడాది ఎటు పోయిందో ఒక గడిలో రాయాల్సిందే.

మన దేశంలోనూ పని జరుగుతోంది. పార్థ దాస్‌గుప్తా అధ్యక్షతన వేసిన కమిటీ 2013లోనే నివేదిక ఇచ్చింది, గణాంక మంత్రిత్వ శాఖ 2018 నుంచి ఎన్విస్టాట్స్ పేరుతో ఈ ఖాతాలు ప్రచురిస్తోంది. పేపర్లో హెడ్‌లైన్ కావు, అందులో ర్యాంకు లేదుగా.

తమ్ముడూ, బావకి రిప్లై కావాలన్నావు, ఒకటి ఇస్తా, కానీ రెండువైపులా పదునుంది, చూసి వాడు. పర్యావరణ పాదముద్ర అని ఇంకో కొలత. మనం తినేది, కట్టేది, కాల్చేది పుట్టించడానికి, మన పొగను పీల్చుకోవడానికి ఎంత నేల, ఎంత నీరు కావాలి అన్న లెక్క. దాని ప్రకారం భూమి ఏడాదిలో పుట్టించగలిగింది 2025లో జులై 24కే వాడేశాం. అందరూ డెన్మార్క్ వాళ్లలా బతికితే అది మార్చిలోనే అయిపోతుంది. ఆ దేశం ఒక సూచీలో ఫస్టు, ఇంకో దాంట్లో అప్పులవాడు. ఇక రెండో వైపు పదును. మన తలసరి పాదముద్ర ప్రపంచ సగటులో సగం కూడా లేదు, అయినా మన నేల ఇవ్వగలిగిన దానికన్నా రెట్టింపు పైనే వాడుతున్నాం. పొదుపుగా బతుకుతున్నాం, అప్పులోనే బతుకుతున్నాం.

స్వర్ణముఖి_ఒడ్డు

సరే అక్కా, కుట్ర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం.

పాకాల_బుల్లోడు

అందరికీ దండాలు. జులై 24, మార్చి సంగతి గ్రూపులో పెట్టినా, ఎస్టోనియా సంగతి కూడా. బావ చూసినట్టు బ్లూ టిక్ పడింది, ఇంకా పలకలేదు.

ఇవాళ పొద్దున ఆ గొట్టం వెతికినా అన్నా. పంచాయతీ ఆఫీసు వెనకాలే ఉంది, మూత మీద తుప్పు, తాళం మాత్రం కొత్తది. దానికి ఎవరో గేదెను కట్టేసినారు. తాడు విప్పి పక్క వేపచెట్టుకు కడతా ఉంటే గేదెగలామె వచ్చి నాకు చీవాట్లు పెట్టింది, ఇది నీళ్లు చూసే గొట్టమని చెప్తే నమ్మలేదు.

తాత చెప్పింది మామకి వినిపించినా. పాసుబుక్కు మన పేరు మీదే ఉంటుందని తెలిసినాక నిదానించినాడు. కాసేపు ఆలోచించి, "సరే, అడివని వాళ్లే అన్నారు గదా, ఈ తూరి తోతాపురికి రేటు కూడా ఆ డెహ్రాడూన్ వాళ్లనే ఇమ్మను" అన్నాడు.